మూల మడిచిన పొట్లాలు

“గుప్పెడు తీసే ముందు బస్తా కలపాలి తమ్ముడూ. కలపకుండా తీశావనుకో, పైన ఉన్నవాటి సంగతే తెలుస్తుంది. అడుగున ఏముందో తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.”

మాట్లాడుతూనే టీచరమ్మ ఒళ్ళో ఉన్న రేకు డబ్బాలో చెయ్యి పెట్టి గుండీలను కిందకీ మీదకీ కలిపింది. గుప్పెడు తీసి బల్ల మీద పోసింది.

“చూడకుండా చెప్పు. ఎన్ని?”

“ముప్పై ఉంటాయేమో,” అన్నాడు ఎదురుగా కూర్చున్న బైండరు.

“లెక్కపెట్టు.”

అతను వేలితో ఒక్కొక్కటే పక్కకి జరుపుతూ లెక్కపెట్టాడు. ఇరవై ఏడు. వాటిలో మూడింటికి అంచు విరిగింది.

“అయితే డబ్బా మొత్తంలో తొమ్మిదింట ఒకటి విరిగిందన్నమాట,” అన్నాడు.

“ఒక్క గుప్పెడుకే అంత ధైర్యమా? ఇంకో నాలుగు తీశాక చెప్పు ఆ మాట,” అని టీచరమ్మ నవ్వింది.

బైండరు కొట్టు కాలేజీ వెనక సందులో ఉంది. ఏటేటా టీచరమ్మ క్లాసు పిల్లలు ఊళ్ళో తిరిగి రాసుకొచ్చిన లెక్కల కాయితాలను కుట్టి, అట్ట వేసి, వీపున పేరు అంటించి ఇచ్చేది అతనే. పెద్దగా చదువుకోలేదు. కుట్టడానికి వచ్చినవన్నీ చదువుతూ ఆ మాత్రం నేర్చుకున్నాడు. అందుకే ఏ పనీ చెప్పిన రోజుకి ఇవ్వడని పేరు పడ్డాడు. ఈసారి కట్ట విప్పి చదువుతుంటే మొదటి తొమ్మిది కాయితాల మీద మూల నుంచి మూలకి ఎర్ర సిరా గీత కనిపించింది. వాటిని విడిగా చేత్తో పట్టుకుని ఇంటికే వచ్చాడు.

“కొట్టేసినవి కదా, తీసేసి కుట్టనా అని అడగడానికొచ్చాను. మీరేమో గుండీలు లెక్కపెట్టిస్తున్నారు,” అన్నాడు.

“అడిగింది మంచిదే అయింది. ఆ తొమ్మిది కాయితాల వల్ల ఒక మనిషి కుర్చీ పోబోయింది. తోసింది నేనే. మొత్తం విను, ఆ తర్వాత ఏం చేద్దామో అనుకుందాం.”

లోపలి గదిలోంచి ఆమె అత్తగారి గొంతు వినిపించింది. “నా భాగం వదిలిపెట్టకుండా చెప్పవే అమ్మాయ్.”

“వదిలితే ఊరుకుంటావా అత్తయ్యా,” అంది టీచరమ్మ.

ఆమె పుట్టుకతో టీచరు కాదు. పంతొమ్మిదో ఏట గుండీల ఫ్యాక్టరీలో చేరింది. తన వెనక ఇద్దరు చదువుకునేవాళ్ళున్న ఇల్లు. ఎవరో ఒకరు పనికి వెళ్ళాల్సి వచ్చింది, పెద్దది కాబట్టి తనే వెళ్ళింది. తనిఖీ బల్ల దగ్గర పని. యంత్రాల గదిలోంచి బస్తాలు వస్తాయి. బస్తాకి ఒక గుప్పెడు తీసి, విరిగినవీ చిల్లి పడనివీ ఏరి, ఎన్నో చీటీ మీద రాయాలి. చీటీ బాగుంటే బస్తా బయటికి, లేకపోతే వెనక్కి.

మొదటి నెలలో ఆమె చీటీలన్నీ బ్రహ్మాండంగా ఉండేవి. తన బల్ల మీదికి మంచి బస్తాలే వస్తున్నాయని మురిసిపోయేది. రెండో నెలలో నాలుగు బస్తాలు కుట్టుపని దుకాణాల నుంచి వెనక్కి వచ్చాయి. అడుగున సగం తునకలే. యంత్రాల గది నుంచి తనిఖీ గదికి తోపుడుబండిలో ఎగిరెగిరి వస్తుంటే తునకలన్నీ జారి అడుక్కి చేరేవి, మంచివి పైకి తేలేవి. ఆమె తీసిందంతా పైనుంచే.

ఫ్యాక్టరీ మేస్త్రి మాట తూలలేదు. ఆమెను బస్తా దగ్గరికి పిలిచి, చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, గూడ దాకా చెయ్యి లోపలికి దించి కలిపాడు. బయటికి తీసిన చేతి నిండా తెల్లటి పొడి.

“పైనున్నవి పైనున్నవాటి గురించే చెప్తాయి తల్లీ. మొత్తం బస్తా మాట్లాడాలంటే ముందు నీ చెయ్యి మురికవ్వాలి,” అన్నాడు.

ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది. ఒక గుప్పెడు చూసి బస్తా సంగతి చెప్పొచ్చా, చెప్తే ఎంత నమ్మొచ్చు, ఎన్ని గుప్పిళ్ళయితే చాలు. ఇవన్నీ మేస్త్రిని అడిగి అడిగి విసిగించింది. ఆయన తెలిసినంత చెప్పి, తెలియనిదాని కోసం సాయంత్రం కాలేజీకి పొమ్మన్నాడు. పగలు గుండీలు, సాయంత్రం క్లాసులు. ఏడేళ్ళు పట్టింది డిగ్రీకి, ఆ పైది అవడానికి ఇంకో నాలుగు. ముప్పై ఒకటో ఏట టీచరై క్లాసులో అడుగు పెట్టిన రోజు ఆమె చేతిలో పుస్తకం లేదు. ఫ్యాక్టరీ వాళ్ళు వీడ్కోలుకి ఇచ్చిన గుండీల డబ్బా ఉంది.

పాతికేళ్ళుగా ఆ డబ్బాతోనే ఏడాది మొదలు. పిల్లలు ఆమెకి గుప్పెడు టీచరని పేరు పెట్టారు. ఎదురుగా పిలవరు, కానీ ఆమెకి తెలుసు. తెలుసన్న సంగతి వాళ్ళకీ తెలుసు.

బోర్డు మీద సూత్రాలు రాయడం కన్నా పిల్లల్ని బయటికి తోలడం మీదే ఆమెకి నమ్మకం. ఒక ఏడాది చెప్పుల దుకాణానికి పంపింది. రోజంతా కొన్న సైజులన్నీ రాసుకుని సగటు తీశారు. ఏడు పాయింట్ నాలుగు వచ్చింది. గొప్పగా తీసుకెళ్ళి దుకాణదారుకి చూపిస్తే ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, “ఏడు పాయింట్ నాలుగు పాదం ఎవరికుందో వెతికి పట్టుకురండమ్మా, నేనే స్వయంగా తొడుగుతాను,” అన్నాడట. సగటు దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ఆ క్లాసు జన్మలో మరిచిపోలేదు. ఎక్కువమంది అడిగే సైజేదో చెప్తేనే దుకాణదారుకి ఉపయోగం.

ఇలాంటి కథలు ఆమె దగ్గర కొల్లలు. ఎవరో ఒకరు తప్పు చేస్తారు, అందరూ నవ్వుకుంటారు, పాఠం ఎక్కుతుంది. ఈ ఏడాది తప్పు మాత్రం ఆమెది. నవ్వుకునేది కాదు.

పిల్లల్ని ఈసారి ఆసుపత్రికి పంపింది. మందులిచ్చే చోట రెండు కిటికీలున్నాయి. వీధి తలుపు పక్కన ఒకటో నంబరు, మెట్ల పక్కన రెండో నంబరు. ఒకటో దాని వెనక కూర్చునే కుర్రాయనకి చేతి చురుకుదనం ఎక్కువ. అందరూ మెరుపు అంటారు. రెండో దాని వెనక ఆవిడది రెండేళ్ళలో రిటైరయ్యే వయసు. ఆవిణ్ణి నిదానమ్మ అంటారు. మనిషి ఎలాంటిదో పేరే చెప్తుంది.

పని తేలికైనదే. మనిషి చీటీ లోపలికి ఇచ్చిన టైము, మందులు చేతికొచ్చిన టైము. కిటికీకి వంద మందివి రాయాలి. కాయితం మీద మూడు గళ్ళు గీసిచ్చింది టీచరమ్మ. కిటికీ నంబరు, మొదలు, ముగింపు.

క్లాసులో ఒక పొడుగు పిల్ల ఉంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ పిల్ల తెచ్చిన కాయితం అంచున, గళ్ళకి బయట, సన్నటి అక్షరాలతో ఒక వాక్యం ఉంది. ‘రెండో కిటికీ దగ్గర చేతికర్రలు ఎక్కువ.’

టీచరమ్మ అది చదివింది. చదివి కొట్టేసింది. “గడిలో పట్టనివి రాయకు, లెక్క కలగాపులగం అయిపోతుంది,” అంది. పొడుగు పిల్ల తలూపి ఊరుకుంది.

లెక్క తేలింది. మెరుపు దగ్గర మనిషికి సగటున మూడున్నర నిమిషాలు, నిదానమ్మ దగ్గర ఆరు. పిల్లలు రంగుల గీతలతో బొమ్మ గీసి కాలేజీ గోడకి అంటించారు. పొట్టి కడ్డీ పక్కన పొడుగు కడ్డీ. వార్షికోత్సవానికి వచ్చిన ఆసుపత్రి సూపరింటెండెంటు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. లైన్ల గురించి ఆయనకి రోజూ ఫిర్యాదులే. “ఇన్నేళ్ళలో మాకెవరూ ఇంత స్పష్టంగా చూపించలేదు టీచరుగారూ. ఒక కాపీ ఇప్పించండి,” అన్నాడు.

ఇప్పించింది. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. తన క్లాసు లెక్క ఊరికి పనికొచ్చింది.

“ఇక్కడొస్తాను నేను,” అంటూ అత్తగారు లోపలి నుంచి గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. చూపు సరిగ్గా ఆనదు, వినికిడికి లోటు లేదు. “చెప్పు, ఆ రోజు నేనేమన్నానో.”

ఆ రోజంటే కాపీ ఇచ్చిన తొమ్మిదో రోజు. అత్తగారు ఆసుపత్రి నుంచి వచ్చి, సంచీ బల్ల మీద పెట్టి, కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

“రెండో కిటికీ ఆవిణ్ణి తీసేస్తున్నారట. వచ్చే నెల ఒకటి నుంచి కింద గోదాములో డబ్బాలు ఎక్కించి దించాలట. ఆ వయసులో. ఎవరో చదువుకున్నవాళ్ళు గడియారం పెట్టి చూసి, ఆవిడ చేతులు పనికిరావని రాసిచ్చారట.”

టీచరమ్మ చేతిలోని పెన్ను కింద పెట్టింది.

“ఆ చదువుకున్నవాళ్ళని నేనొకసారి చూడాలే,” అంది అత్తగారు.

“చూస్తున్నావు కదా అత్తయ్యా.”

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. సంచీలోంచి మందుల కాయితపు పొట్లాలు తీసి బల్ల మీద వరసగా పేర్చింది. ఆరు. అన్నీ ఒకే రంగు, ఒకే సైజు. కోడలి చెయ్యి పట్టుకుని ఒక పొట్లం మీద పెట్టింది.

“తడిమి చూడు.”

పై మూల ఒకటి లోపలికి మడిచి ఉంది.

“ఇది పొద్దుటిది. దీన్ని చూడు, రెండు మూలలూ మడిచింది, అంటే మధ్యాహ్నం. ఇదిగో, పైఅంచు మొత్తం రెండుసార్లు మడిచింది. పడుకునే ముందు వేసుకునేది. నాకు అక్షరాలు ఆనవని మూడేళ్ళ కిందట చెప్పాను ఆవిడకి. ఆ రోజు నుంచి ఒక్కసారి మరిచిపోలేదు. మడిచి, నా చేతికిచ్చి, ఏది ఎప్పుడో నా చేత చెప్పించుకుని గానీ పంపదు. తప్పు చెప్తే మళ్ళీ మొదటి నుంచి. అక్కడ నాలాంటివాళ్ళు ఎంతమందో. మీ గడియారంలో అది పడిందా?”

పడింది. ఆరు నిమిషాలుగా పడింది. దేనికైన ఆరు నిమిషాలో పడలేదు.

ఆ మధ్యాహ్నం టీచరమ్మ తనే వెళ్ళి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. ఒకటో కిటికీ లైను చకచకా సాగుతోంది. దగ్గు, జ్వరం, మోచేతి మీద గీరుడు. చీటీ మీద ఒకటో రెండో మందులు. రెండో కిటికీ లైనులో చేతికర్రలు, మందమైన కళ్ళజోళ్ళు, నాలుగు మడతలు పెట్టిన పొడుగు చీటీలు. పొడుగు పిల్ల రాసిన వాక్యం కళ్ళెదుట నిలబడి ఉంది. తన ఎర్ర సిరా కూడా గుర్తొచ్చింది.

లైను పలచబడ్డాక మెరుపుని అడిగింది.

“పొడుగు చీటీలు నా దగ్గరికి రావు మేడం. తెలియక ఎవరైనా వచ్చినా నేనే అటు చూపిస్తా. నాకంత ఓపిక లేదు, అబద్ధం ఎందుకు,” అన్నాడు అతను. పక్క కిటికీ వైపు తల తిప్పి, “అక్కా, నీ గురించే,” అన్నాడు.

“నా గురించి ఈ మధ్య చాలామంది మాట్లాడుకుంటున్నారులే,” అంది నిదానమ్మ, చేతిలో పొట్లం మూల మడుస్తూ. తలెత్తలేదు.

నెలాఖరుకి పన్నెండు రోజులుంది. మర్నాడు క్లాసులో టీచరమ్మ డబ్బా తీయలేదు. గోడ మీది బొమ్మని చూపించి ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ రెండు కడ్డీల వల్ల ఒకావిడ కుర్చీ పోతోంది, మనం రాసిన అంకెల్లో ఒక్కటీ తప్పు లేదు, అయినా చెప్పింది తప్పు అంది. తర్వాత పొడుగు పిల్ల కాయితం తీసి, కొట్టేసిన వాక్యాన్ని క్లాసుకి చదివి వినిపించింది.

“ఇది ఎవరు కొట్టేశారో తెలుసా? నేను.”

పొడుగు పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చివరికి ఒక పిల్ల చెయ్యెత్తి, “టీచర్, మీరే కదా ఎప్పుడూ కలపాలి కలపాలి అంటారు. మేం అందర్నీ కలిపే సగటు తీశాం,” అంది.

“అవును. గుప్పెడు తీయడానికి కలపాలి. తీశాక బల్ల మీద పోసి ఏం చేస్తాం? ఏరతాం. కోటు గుండీ కోటు గుండీ వైపు, చొక్కా గుండీ చొక్కా గుండీ వైపు. నేను ఏరడం మరిచిపోయాను.”

ఈసారి కాయితం పిల్లలే గీశారు. చీటీ మీద ఎన్ని మందులున్నాయో రాయడానికి నాలుగో గడి వచ్చింది. ఒకటీ రెండైతే పొట్టి చీటీ, మూడూ ఆ పైన అయితే పొడుగు చీటీ అనుకున్నారు. పొడుగు పిల్ల లేచి, అయిదో గడి కూడా కావాలంది. దాని పేరేమిటని అడిగితే, “పేరొద్దు టీచర్. కనిపించింది రాసుకోవడానికి,” అంది. ఆ ఏడాదంతా ఆ పిల్ల క్లాసులో అంత పొడుగు మాట మాట్లాడింది అదే.

మూడు రోజుల్లో ముగించాలని గట్టిగా తిరిగినా ఆరు రోజులు పట్టింది. మళ్ళీ కిటికీకి వంద చీటీలు. మెరుపు దగ్గర వందలో తొంభై పొట్టివి, పది పొడుగువి. నిదానమ్మ దగ్గర ఇరవై పొట్టివి, ఎనభై పొడుగువి. పొట్టి చీటీకి మెరుపు మూడు నిమిషాలు తీసుకుంటే నిదానమ్మ రెండే తీసుకుంది. మాటిమాటికీ అడిగే మందులు ఆవిడ చెయ్యి చాచితే అందేటట్టు సర్దుకుంది, అతను ప్రతిదానికీ లేచి అరల దాకా నడుస్తాడు. పొడుగు చీటీకి అతనికి తొమ్మిది నిమిషాలు, ఆవిడకి ఏడు. మందు తీసుకుని వెళ్ళినవాళ్ళు ఏది ఎప్పుడని వెనక్కొచ్చి అతన్ని మళ్ళీ అడుగుతారు, ఆవిడ దగ్గరికి అలా వెనక్కొచ్చేవాళ్ళు లేరు.

“ఆగండాగండి,” అన్నాడు బైండరు. చేతిలో కాయితం వెనక పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు. “పొట్టివాటిలోనూ ఆవిడే ముందు, పొడుగువాటిలోనూ ఆవిడే ముందు. మరి మొత్తం మీద ఆవిడే వెనక ఎలా అయింది?”

“కూడి చూడు.”

కూడాడు. అతనివి తొంభై మూళ్ళు, పది తొమ్మిదులు. మూడొందల అరవై. వందకి పంచితే మూడున్నర దాటింది. ఆవిడవి ఇరవై రెళ్ళు, ఎనభై ఏడులు. ఆరొందలు. ఆరు. బైండరు కాయితాన్ని దూరంగా పట్టుకుని ఒకసారి, దగ్గరగా పట్టుకుని ఒకసారి చూశాడు.

“అంటే బరువు బస్తాలన్నీ ఒకరి వీపునే వేసి, నడక చాలలేదన్నారన్నమాట.”

“నాకు ఆ ఒక్క ముక్క చెప్పడానికి క్లాసులో వారం పట్టింది,” అంది టీచరమ్మ.

సూపరింటెండెంటు దగ్గరికి ఆ కాయితాలు పట్టుకెళ్ళింది. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. రెండు కట్టలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“మొన్న ఆరు నిమిషాలన్నది మీరే. ఇవాళా ఆరేనంటున్నారు.”

“ఆరేనండీ.”

“మరి నేను ఆర్డరు ఎందుకు మార్చాలి? నాకు లైను తగ్గాలి. అంకె మారలేదు కదా.”

ఆమె గళ్ళు చూపించింది, పొట్టివి పొడుగువి విడదీసి చెప్పింది. ఆయన తలూపుతున్నాడు గానీ చూపు గోడ గడియారం మీద ఉంది. పాతికేళ్ళు పాఠం చెప్పిన మనిషికి అవతలివాడి తలకి ఎక్కిందో లేదో కనిపెట్టడం ఒక లెక్క కాదు. ఎక్కలేదు. నెలాఖరుకి మూడు రోజులే ఉంది. ఉన్నచోటునే ఇంకో దారి తోచింది.

“ఒక్క పూట ఇద్దర్నీ కుర్చీలు మార్చి కూర్చోబెట్టండి. రెండో కిటికీలో అతను, ఒకటో కిటికీలో ఆవిడ. ఆ పొడుగు చీటీల లైను అతని ముందుంటే ఎన్ని నిమిషాలవుతుందో మీరే చూడండి.”

ఒక్క పూటేగా అని ఆయన ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి పిల్లలు గడియారాలతో సిద్ధం. సూపరింటెండెంటు టీ కప్పు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు. కిటికీలు తెరుచుకున్నాయి. రెండో కిటికీ ముందు ఎప్పటిలా చేతికర్రల లైను. అందరికన్నా ముందున్న పెద్దాయన చీటీ లోపలికి పెట్టబోయి, వంగి చూసి ఆగిపోయాడు.

“అమ్మాయేదీ?”

“ఇవాళ అటు కూర్చుంది తాతా. ఇటివ్వు, నేనిస్తాను,” అన్నాడు మెరుపు.

పెద్దాయన చీటీ వెనక్కి తీసుకున్నాడు. మాట్లాడకుండా కర్ర తిప్పుకుని, మెల్లగా హాలు దాటి, ఒకటో కిటికీ లైను చివర నిలబడ్డాడు. ఆయన వెనకావిడ కూడా వంగి చూసింది, కదిలింది. తర్వాత ఒకరి వెనక ఒకరు. పావుగంటలో లైను లైనంతా హాలు అడ్డంగా నడిచి అవతలికి చేరింది. దగ్గూ జ్వరాలవాళ్ళు ఇటు ఖాళీగా ఉందని రెండో కిటికీకి వచ్చేశారు.

టీచరమ్మ అనుకున్న పరీక్ష పాడైంది. మెరుపు ముందు పొడుగు చీటీ ఒక్కటీ లేదు, కొలవడానికి ఏమీ మిగల్లేదు. పిల్లలు కాయితాలు పట్టుకుని ఆమె మొహం చూశారు. మెరుపు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, “నాకు గిరాకీ లేదన్నమాట,” అన్నాడు.

సూపరింటెండెంటు మాత్రం టీ తాగడం మానేసి చూస్తున్నాడు. కాసేపటికి మెట్లు దిగి వచ్చాడు.

“వీళ్ళకి అటు వెళ్ళమని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండీ. రోజూ జరిగేదే. మా కాయితంలో దానికి గడి లేదు, అంతే.”

ఆయన కర్రల లైను వైపు ఇంకాసేపు చూశాడు. ముందున్న పెద్దాయన కిటికీ దగ్గర పొట్లాలు తడిమి, “ఇది పొద్దున, ఇది మధ్యాహ్నం,” అని పాఠం అప్పజెప్తున్నాడు. నిదానమ్మ తలూపుతోంది. మూడోది తప్పు చెప్పాడు. మళ్ళీ మొదటి నుంచి.

“గోదాము ఆర్డరు ఆపేస్తాను,” అన్నాడు సూపరింటెండెంటు. “వాళ్ళు కూర్చోవడానికి ఇక్కడొక బెంచీ కూడా వేయించాలి.”

ఆపాడు. బెంచీ పడింది. వారానికి ఒక పూట మెరుపు ఆవిడ పక్కన కూర్చుని మూలలు మడవడం నేర్చుకుంటున్నాడు. రెండేళ్ళ తర్వాత ఎవరో ఒకరికి రావాలి కదా అన్నది ఆవిడ మాట. అతని మడతలు ఇంకా వంకరగానే ఉన్నాయని అత్తగారి తీర్పు.

ఆర్డరు ఆగిన రోజు టీచరమ్మ ఆవిడకి మొహం చూపించడానికి వెళ్ళింది. దారిలో రెండు మూడు రకాలుగా మాటలు కూర్చుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి ఒక్కటీ మిగల్లేదు.

“తప్పు నాదమ్మా,” అంది. “ఆ కాయితాలు కొట్టేశాను. ఆ బొమ్మ గోడ మీంచి తీసేశాం.”

నిదానమ్మ మడుస్తున్న పొట్లం పక్కన పెట్టి మొదటిసారి నేరుగా చూసింది.

“ఎందుకు తీశారు? వచ్చినవాళ్ళందరూ చూసింది దాన్నే. దాన్ని చూసే కదా నన్ను చూశారు ఇన్నాళ్ళూ. తీసేస్తే వాళ్ళ కళ్ళలో నేనలాగే ఉండిపోతాను. ఉంచండి, దాని పక్కన రెండోది పెట్టండి.”

టీచరమ్మ చెప్పడం ఆపింది. బల్ల మీద పోసిన గుండీలను ఒక్కొక్కటే డబ్బాలో వేసింది. అత్తగారు కుర్చీలో కునుకు తీస్తోంది, లేదా తీస్తున్నట్టు నటిస్తోంది.

బైండరు ఎర్ర గీతల కాయితాలు తొమ్మిదింటినీ బల్ల అంచున తట్టి సరిచేశాడు. అడగడానికి వచ్చిన ప్రశ్న ఇంక అడగలేదు.

“ముందు ఇవి, తర్వాత అవి. ఒకే కుట్టు,” అన్నాడు.

“ఒకే కుట్టు. ఇవి చదవకుండా ఎవరూ అవతలికి వెళ్ళకూడదు. మొదటి కాయితం అంచున ఆ పిల్ల రాసిన వాక్యముంది, నేను కొట్టేసింది. అంచులు కోసేటప్పుడు నీ కత్తి దాని మీద పడకుండా చూడు. కాస్త వెడల్పుగా వదిలెయ్.”

“పుస్తకం అంచు ఎగుడుదిగుడుగా వస్తుంది. కుట్టడం రానివాడనుకుంటారు నన్ను.”

“అనుకోనీ. నన్నూ చాలా అనుకున్నారులే.”

అతను నవ్వి, కాయితాలు సంచీలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దాటి చెప్పులు వేసుకుంటుంటే టీచరమ్మ వెనకే వచ్చింది. చేతిలో ఆరు ఖాళీ పొట్లాలున్నాయి, మూలలు మడిచినవి మడిచినట్టే.

“ఇంకో పని తమ్ముడూ. ఆసుపత్రి మీదుగానే కదా వెళ్తావు. ఇవి నిదానమ్మకిచ్చెయ్. గట్టి కాయితం, మళ్ళీ వాడుకుంటుంది. పుస్తకం అయ్యాక మొదటి కాపీ ఆవిడకేనని కూడా చెప్పు. కానీ లైనులో మాత్రం నిలబడకు, పక్క తలుపులోంచి వెళ్ళు. ఇవాళ మా పిల్లలు అక్కడ మళ్ళీ లెక్క రాస్తున్నారు. నీ చేతిలో చీటీ లేదు. ఆ పొడుగు పిల్ల కంట పడ్డావంటే నిన్ను కూడా అయిదో గడిలో రాసేస్తుంది.”